మిసిసిపీవాడికి పామొక లెక్కా

ఆ గురువారం పొద్దున హోలిస్ ప్రూయిట్ కారు నడుపుతూ దారి పొడుగునా తనలో తానే మాట్లాడుకున్నాడు. "గుడ్ మార్నింగ్. నా పేరు హోలిస్. ఈ నివేదిక రాసింది నేనే." మాటల్లో కష్టమేమీ లేదు. కష్టమంతా వాటిని పొట్టిగా పలకడంలో ఉంది. అతను పుట్టి పెరిగిన మిసిసిపీ పల్లె డాబ్స్ క్రాసింగ్‌లో ఏ అచ్చయినా తాపీగా బయల్దేరి, దారిలో నలుగురినీ పలకరించి, అప్పుడు నోట్లోంచి బయటికొస్తుంది. తన పేరులోని 'హో' పూర్తయ్యేలోపే ఎదుటివాళ్ళు గడియారం చూసుకోవడం అతను చాలాసార్లు గమనించాడు. అందుకే కొన్నాళ్ళుగా కార్లో కూర్చుని ఆ అచ్చుల్ని కత్తిరిస్తున్నాడు.

ఆఫీసు కూడా అమెరికా దక్షిణాదిలోనే, నాష్‌విల్ శివార్లలో ఉంది. ఆసుపత్రుల బిల్లులు సరిచూసి ఇన్సూరెన్స్ కంపెనీలకు పంపే వ్యాపారం. పన్నులు తక్కువని మూడేళ్ళ కిందట ఉత్తరాదిలోని న్యూజెర్సీ నుంచి మూటాముల్లె సర్దుకుని ఇక్కడికి దిగింది. వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే తోలు బూట్లు, వెడల్పు టోపీలు కొనుక్కున్నారు. అసలు దక్షిణాదివాడు మాత్రం ఆఫీసు మొత్తానికి హోలిస్ ఒక్కడే. అతనికి బూట్లూ లేవు, టోపీ కూడా లేదు. తన ప్రాంతంలో తానే పరాయివాడిలా, మూల సీట్లో కూర్చుని పనిచేసుకునేవాడు.

వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. అతనితో ఏదైనా చెప్పాలంటే రెండుసార్లు చెప్పేవారు, రెండోసారి నెమ్మదిగా. మీ ఊరికి కరెంటు ఎప్పుడొచ్చిందని అడిగేవారు. మీవైపు వరస చూసుకోకుండా చుట్టాల్నే పెళ్ళాడతారట కదా అని, తప్పుగా అనుకోవద్దంటూనే, అడిగేవారు. నిజానికి హోలిస్ తండ్రి ఇన్సూరెన్స్ ఏజెంటు. తల్లి ఎర్లీన్ జిల్లా హైస్కూల్లో పిల్లలకు లాటిన్ నేర్పి రిటైరైంది. హోలిస్‌కి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఎండుగడ్డి వాసన తగిలితే తుమ్ములు. ఆవుల్ని చూశాడు గాని, కారు అద్దాలు ఎత్తుకుని చూశాడు.

అందరికన్నా ఎక్కువ మంచివాడు కనెక్టికట్ నుంచి వచ్చిన ప్రెస్టన్ వైట్‌లాక్. హోలిస్ మీటింగులో ఏదైనా చెప్పగానే ప్రెస్టన్ ముందుకు వంగి "హోలిస్ చెప్పేదేమిటంటే" అని మొదలుపెట్టి, అదే మాటల్ని అదే వరసలో మళ్ళీ చెప్పేవాడు. అందరూ తలలూపి ప్రెస్టన్‌ని మెచ్చుకునేవారు. హోలిస్ రాసిన నివేదికలు కూడా క్లయింట్ల ముందు ప్రెస్టనే చదివేవాడు. ఈ గురువారం మాత్రం షికాగో ఆసుపత్రుల తరఫున వస్తున్న మిసెస్ హాల్వర్సన్ ఓ చిక్కు తెచ్చిపెట్టింది. బిల్లులు ఎందుకు వెనక్కొస్తున్నాయో ఎవరు కనిపెట్టారో, ఆ మనిషే తనకు వివరించాలని ముందే కబురు పెట్టింది. ఆవిడకి నచ్చితే కాంట్రాక్టు నిలుస్తుంది, హోలిస్‌కి టీమ్ లీడర్ పదవి దక్కుతుంది. నచ్చకపోతే రెండూ పోతాయి. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన బ్రాంచి మేనేజరు డెనీస్ కోవల్ ఆలోచించి ఆలోచించి, హోలిస్ మాట్లాడేటట్టు, అవసరమైతే మాట అందుకోవడానికి ప్రెస్టన్ పక్కన నిలబడేటట్టు ఏర్పాటు చేసింది.

ఆ పొద్దున ఆఫీసుకొచ్చి హోలిస్ కాఫీ కలుపుకుంటూ ఉండగా ప్రింటరు గదిలోంచి కేక వినిపించింది. కాగితాల కోసం వెళ్ళిన అమ్మాయి, కాగితాలు లేకుండా, ఒక కాలికే చెప్పుతో బయటికొచ్చింది. జిరాక్స్ మెషీన్ వెనక నల్లగా, పొడుగ్గా పాము ఉందట. కదిలిందట. తనవైపు చూసిందట. పాముల్ని పట్టేవాళ్ళకి ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాటాక గాని రాలేమన్నారు. క్లయింట్లు వచ్చే వేళవుతోంది. నడవాలో గుంపుగా నిలబడ్డ జనంలో ముందు ఒక తల తిరిగింది, తర్వాత ఇంకొకటి. కాసేపట్లో అందరూ హోలిస్‌నే చూస్తున్నారు.

"హోలిస్, నువ్వు మిసిసిపీవాడివి కదా" అంది డెనీస్.

ఆ మాట అతను ఆ ఆఫీసులో వెయ్యిసార్లు విని ఉంటాడు. కాని ఇలా వినడం అదే మొదలు. అందులో వెక్కిరింత లేదు, జాలి లేదు. ఆశ ఉంది. మూడేళ్ళలో ఎన్నడూ అతనివైపు ఎవరూ అలా చూడలేదు. నాకు పాములంటే ప్రాణభయం అని చెబుదామనే నోరు తెరిచాడు. తీరా బయటికొచ్చింది వేరే మాట.

"చూ...ద్దాం మేడమ్."

భయంతో ఆ అచ్చు మామూలుకన్నా నెమ్మదిగా వచ్చింది. వాళ్ళకి అది ధైర్యంలా వినిపించింది. ప్రెస్టన్ భుజం తట్టాడు. ఎవరో చీపురు తెచ్చి చేతికిచ్చారు, ఇంకెవరో క్లయింట్లకి కానుకగా ఇవ్వడానికి కుట్టించిన కంపెనీ గుడ్డసంచి ఇచ్చారు. జనం రెండువైపులా జరిగి దారి వదిలారు. హోలిస్ లోపలికెళ్ళాడు. వెనకనుంచి తలుపు మూసి గడియ పెట్టారు.

లోపల అతను చేసిన మొదటి పని కుర్చీ ఎక్కడం. రెండో పని తల్లికి ఫోన్ చెయ్యడం.

గురువారం పొద్దున ఎర్లీన్ జుట్టు సెట్ చేయించుకునే వేళ. బ్యూటీ పార్లర్లో, తలమీద వేడిగాలి యంత్రంతో ఉంది. ఆవిడకి వినబడాలంటే అతను అరవాలి. అరవకుండా ఉండటానికి నోరు ఫోనుకి ఆనించి గుసగుసలాడాడు, ఆవిడ మాట వినడానికి స్పీకర్ పెట్టాడు. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే క్లాసు చివరి బెంచీకి వినబడేటట్టు మాట్లాడింది.

"నాన్న ఉన్నప్పుడు మనింట్లో పామొస్తే ఏం చేసేవారమ్మా?"

"ఏం చేసేవారు బాబూ, వెళ్ళి కార్లో కూర్చుని హారన్ కొట్టేవారు. ఎదురింటి డెలోరిస్ వచ్చి పట్టుకెళ్ళేది."

డెలోరిస్ ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంది. ఎర్లీన్ పార్లర్లో ఉన్న మిగతా ఆడవాళ్ళని విచారించి, తలో సలహా కొడుక్కి అందించింది. చీపురుతో మెల్లగా సంచిలోకి తోసెయ్యమన్నది ఎక్కువమంది మాట. మెల్లగా, భయపడకుండా. భయపడకుండా ఎలాగని హోలిస్ అడిగాడు. దానికి ఎర్లీన్ దగ్గర పాత మందు ఉంది. చిన్నప్పుడు ఉబ్బసం వచ్చి ఊపిరాడక కొడుకు గాబరాపడుతుంటే, ఆవిడ పక్కన కూర్చుని లాటిన్ విభక్తులు వల్లెవేయించేది. నోటికి ఒక పని దొరికితే ఊపిరి దారిలో పడేది.

"నాతోపాటు చెప్పు. సర్పెన్స్, సర్పెంటిస్..."

"సర్పెన్స్, సర్పెంటిస్, సర్పెంటీ, సర్పెంటెమ్" అని హోలిస్ కళ్ళు మూసుకుని అందుకున్నాడు. నిజంగానే ఊపిరి కుదుటపడింది. గొంతు తెలియకుండానే పెరిగింది.

బయట అప్పుడే తలుపుకి చెవి ఆనించిన ప్రెస్టన్ మొహం మారిపోయింది. లోపల ఒక ముసలావిడ గొంతు ఏదో చెబుతోంది, హోలిస్ దాన్ని తిరిగి పలుకుతున్నాడు, భాష ఇంగ్లీషు కాదు. దక్షిణాది కొండల్లో పాముల్ని చేత్తో ఎత్తి పట్టుకుని ప్రార్థన చేసే చర్చీలున్నాయని ప్రెస్టన్ ఎప్పుడో టీవీలో చూశాడు. ఆ సంగతి పక్కవాళ్ళకి చెవిలో చెప్పాడు. అది డెనీస్ దాకా వెళ్ళేసరికి హోలిస్ ఆ చర్చిలో మూడు తరాల పూజారి వంశంవాడు అయ్యాడు. ప్రూయిట్ కుటుంబానిది నిజానికి మెథడిస్ట్ చర్చి. అక్కడ భక్తులు చేసే అతిపెద్ద సాహసం, ఆదివారం భోజనాలకి ఎవరైనా కొత్తరకం వంటకం చేసుకురావడం.

డెనీస్‌కి చెమటలు పట్టాయి. ఉద్యోగుల మతాచారాలకి అడ్డు తగిలితే కంపెనీ మీద కేసు పడుతుందని ఈమధ్యే ఒక రోజంతా కూర్చోబెట్టి పాఠం చెప్పారు. తలుపు తీసి చూద్దామన్న ఒకరిద్దర్ని ఆవిడ ఆపేసింది. అందర్నీ గొంతు తగ్గించి మాట్లాడమంది. ప్రార్థన అయ్యేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదని తలుపుకి కాగితం కూడా అంటించారు. దాంతో, మధ్యలో ధైర్యం చాలక హోలిస్ కుర్చీమీదినుంచే చీపురుతో తలుపు తట్టి "ఎవరైనా కాస్త తీస్తారా" అని అడిగినప్పుడు, అది కూడా ప్రార్థనలో భాగమేమోనని ఎవరూ కదల్లేదు.

గత్యంతరం లేక హోలిస్ కుర్చీ దిగాడు. మెషీన్ వెనక, గోడవారన, చీకట్లో నల్లగా చుట్ట చుట్టుకుని ఉంది. విభక్తులు చదువుతూ, మొహం అటు తిప్పుకుని, చీపురుతో దాన్ని సంచిలోకి నెట్టాడు. అది ఎదురు తిరగలేదు. బరువుగా, మెల్లగా లోపలికి జారింది. సంచి మూతికి మూడు ముళ్ళు వేసి, తల్లికి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి, తలుపు తట్టి, పాము దొరికిందని అరిచాడు. ఈసారి తీశారు.

చప్పట్లు కొట్టారు. తన జీవితంలో తనకోసం ఒక గది నిండా మనుషులు చప్పట్లు కొట్టడం హోలిస్ ఎరగడు. మనసు గాల్లో తేలింది. సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకుని మిసెస్ హాల్వర్సన్, ఆవిడతోపాటు ఇద్దరు పెద్దమనుషులు దిగారు. మిసెస్ హాల్వర్సన్ నెరిసిన జుట్టుతో, తక్కువ మాట్లాడే మనిషి. ఈ చప్పట్లెందుకని అడిగింది. డెనీస్ గర్వంగా పరిచయం చేసింది. సంచి చేతిలో ఉండగానే హోలిస్‌ని మీటింగు గదిలోకి తీసుకుపోయారు.

అక్కడ ప్రొజెక్టరు పనిచెయ్యలేదు. దాని కేబుల్ ఎక్కడ పెట్టారో తెలియక ప్రెస్టన్ సొరుగులన్నీ లాగుతున్నాడు. ఆ ఖాళీ సమయంలో షికాగోవాళ్ళు హోలిస్‌ని పాముల గురించి అడగడం మొదలుపెట్టారు. మొదటి ప్రశ్నకి అతను నిజాయితీగానే జవాబు చెప్పబోయాడు. కాని వాళ్ళు ముందుకు వంగి వింటున్నారు. అతను ఒక మాట సాగదీస్తే ఇంకా వంగుతున్నారు. కొన్నాళ్ళుగా కార్లో కూర్చుని కత్తిరించిన అచ్చులన్నీ అతను ఒక్కొక్కటే మళ్ళీ అతికించాడు. తర్వాత అసలున్నవాటికన్నా పొడుగు చేశాడు. మా ఊళ్ళో బడికెళ్ళే దారిలో పాము కనిపిస్తే పట్టి జేబులో వేసుకునేవాళ్ళమన్నాడు. మా క్లీటస్ మావయ్య పళ్ళతో పట్టేవాడన్నాడు. హోలిస్ చుట్టాల్లో క్లీటస్ అనే పేరుగల మనిషి ఇప్పటిదాకా పుట్టలేదు. తాను చెబుతున్నది తనకే సిగ్గుగా ఉంది, ఆపడం మాత్రం చేతకావడం లేదు. ఇవన్నీ తనకి ముందే తెలుసన్నట్టు ప్రెస్టన్ సొరుగుల మధ్యనుంచి తలూపుతున్నాడు.

"ఓసారి చూడొచ్చా?" అంది మిసెస్ హాల్వర్సన్ సంచికేసి చూస్తూ.

వద్దనడానికి హోలిస్‌కి కారణాలు చాలా తోచాయి. కాని పళ్ళతో పట్టే మావయ్య ఉన్న మనిషి నోట అవి రావు. సంచిని బల్లమీద పెట్టి, చేతులు చాచగలిగినంత దూరం చాచి ముళ్ళు విప్పాడు. అందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. సంచి పక్కకి ఒరిగింది. లోపలినుంచి నల్లటి కేబుల్ ఒకటి, చుట్టలు చుట్టలుగా, బల్లమీదికి జారింది. చివర ప్లగ్గు ఉంది.

ప్రెస్టన్ సొరుగులు వదిలి బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇదే" అన్నాడు ప్రెస్టన్. "పొద్దుటినుంచి వెతుకుతున్నది ఇదే."

హోలిస్‌కి తలెత్తాలనిపించలేదు. పరిస్థితి చక్కదిద్దడానికి డెనీస్ గొంతు సవరించుకుని, పోనీలెండి, కేబుల్ దొరికింది గనక మొదలుపెట్టేద్దామంది. ప్రెస్టన్ కేబుల్ తగిలించాడు. గోడమీద బొమ్మ వెలిసిపోయినట్టు పడింది. ఎండ ఎక్కువగా ఉంది, పరదా దించమంది డెనీస్. ప్రెస్టన్ కిటికీ దగ్గరికెళ్ళి తాడు అందుకున్నాడు.

"మరి పాము ఏమైనట్టు?" అని మిసెస్ హాల్వర్సన్ అడిగింది.

ప్రెస్టన్ తాడు లాగాడు. పరదా దిగింది. పరదాతోపాటు, ప్రింటరు గదిలోంచి ఎప్పుడో జారుకొచ్చి పైన ఎండకి వెచ్చగా పడుకున్నది కూడా దిగింది.

తర్వాత ఏం జరిగిందో తలా ఒక రకంగా చెబుతారు. హోలిస్ బల్లమీద నిలబడి ఉన్నాడన్న దాంట్లో మాత్రం ఎవరికీ తేడా లేదు. ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. షికాగో పెద్దమనుషులిద్దరూ ఒకే కుర్చీలో నిలబడి ఉన్నారు. ప్రెస్టన్ నడవాలో ఉన్నాడు, బయటినుంచి తలుపు పిడి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని. మిసెస్ హాల్వర్సన్ కూర్చున్నచోటే కూర్చుని, కాళ్ళు మాత్రం పైకి మడుచుకుంది. డెనీస్ కోటు విప్పి కుర్చీమీద వేసింది. కిటికీ దగ్గరికెళ్ళి వంగి, ఒక చేత్తో తల వెనక, ఇంకో చేత్తో నడుం కింద పట్టి పామును ఎత్తింది. అది ఆవిడ మోచేతికి చుట్టుకుంది.

"జెర్రిపోతు" అంది. "ఏమీ చెయ్యదు. మా అన్న స్నానాల తొట్టిలో పెంచేవాడు. నేను స్నానం చెయ్యాలంటే ముందు వాటిని తీసి పక్కన పెట్టాలి."

పామును బయట వదిలిపెట్టడానికి తలుపు దగ్గరికెళ్ళి కాలితో తన్నింది.

"తలుపు తియ్యి ప్రెస్టన్."

"పామెక్కడుంది?"

"నా చేతిలో."

"అయితే తియ్యను."

డెనీస్ రెండుసార్లు ఆజ్ఞాపించింది, ఒకసారి బతిమాలింది, ఉద్యోగం సంగతి కూడా ఎత్తింది. ప్రెస్టన్ అవతలినుంచి క్షమించమన్నాడు గాని పిడి వదల్లేదు. కిటికీలు తెరుచుకునే రకం కాదు. మిసెస్ హాల్వర్సన్ కాసేపు చూసింది. తర్వాత బల్లమీదున్న హోలిస్‌కేసి తలెత్తింది.

"మీరు మిసిసిపీవారు కాదా?" అంది.

"అవునండీ. కాని నాకు పాములంటే చచ్చే భయం. క్లీటస్ అనే మావయ్య కూడా లేడు" అన్నాడు హోలిస్.

"బిల్లుల సంగతైనా తెలుసా?"

"తెలుసండీ."

"అయితే అదే చెప్పండి. ఎలాగూ బయటికి పోలేం."

హోలిస్ బల్లమీద నిలబడే చెప్పాడు. దిగమని అతన్ని ఎవరూ అడగలేదు. అచ్చుల్ని కత్తిరించాలని అతనికి గుర్తులేదు, సాగదీయాలనీ గుర్తులేదు. కళ్ళు పాము మీద ఉన్నాయి, నోటికి ఒక పని కావాలి, తెలిసిన పని బిల్లులే. ఎక్కడ తప్పు పడుతోందో, అది ఏ ఆసుపత్రిలో మొదలై ఎలా పాకుతోందో, ఏం చేస్తే ఆగుతుందో, డాబ్స్ క్రాసింగ్‌లో వాకిట్లో కూర్చుని చెప్పుకున్నట్టు చెప్పుకుపోయాడు. డెనీస్ తలుపు పక్కన పామును పట్టుకుని నిలబడి వింది. వింటున్నవాళ్ళెవరూ గడియారం చూసుకోలేదు. అసలు కదలడానికే భయపడ్డారు. "హోలిస్ చెప్పేదేమిటంటే" అనాల్సిన మనిషి తలుపు అవతల ఉన్నాడు. మిసెస్ హాల్వర్సన్ మధ్యలో రెండు ప్రశ్నలు వేసింది. రెండోదానికి అతని జవాబు విని, మొదటిసారి నవ్వింది. తన ఉచ్చారణ ఆవిడకి అర్థం కాలేదేమో అన్న అనుమానం, అదంతా అయిపోయాక గాని హోలిస్‌కి రాలేదు.

చివరికి ప్రెస్టన్ చేతులు నొప్పెట్టి పిడి వదిలేశాడు. డెనీస్ మెట్లు దిగి, కార్ల వెనకున్న గడ్డిలో పామును విడిచిపెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.

కాంట్రాక్టు నిలిచింది. మరుసటి వారం హోలిస్ టీమ్ లీడర్ అయ్యాడు. ప్రెస్టన్ అందరికన్నా ముందు వచ్చి మనసారా అభినందించాడు. "నిజం చెప్పనా, నువ్వసలు అక్కడివాడిలానే లేవు" అన్నాడు. అతని దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద మెచ్చుకోలు అదే. హోలిస్ దానికి థాంక్స్ చెప్పాడు. సాయంత్రం ఆ సంగతి ఎర్లీన్‌కి చెప్పాడు. ప్రెస్టన్‌ని ఒకసారి భోజనానికి పిలిచి, పాములు పట్టే డెలోరిస్‌ని చూపించాలంది ఆవిడ. డెలోరిస్ ఫ్లోరిడా నుంచి ఎప్పుడొస్తుందో కనుక్కుంటానంది.

పాముని చూసి బల్లెక్కిన మిసిసిపీవాడి కథ ఆఫీసులో కొన్నాళ్ళు నడిచింది. వింటూ హోలిస్ కూడా నవ్వేవాడు. నెల తిరక్కముందే వంటగది కప్పులో ఏదో పరుగెడుతున్న చప్పుడైంది. ఎలుకో, ఉడుతో, ఇంకేదో. అందరూ నడవాలో గుమిగూడారు. ఈసారి అతనివైపు ఎవరూ చూడలేదు. క్లయింటుతో ఫోన్లో ఉన్న డెనీస్ గది తలుపు తట్టారు. ఇలాంటివి న్యూజెర్సీవాళ్ళకి పుట్టుకతోనే వస్తాయని ఎవరో అన్నారు. అన్నది హోలిస్.